రెండో ఆపరేటింగ్ సిస్టమ్ కావాలా? ముందు పనేమిటో చెప్పండి

పాఠకుల ప్రశ్నలు, మరమ్మతు బల్ల మీది జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే సంగతి మీద ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో విండోస్‌ని అలాగే ఉంచి, పక్కన లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కూడా పెట్టించుకోవచ్చా అని. ఇవన్నీ ఇలా కట్టగట్టుకుని ఎందుకొచ్చాయో తెలుస్తూనే ఉంది. విండోస్ 10కి మామూలుగా అందే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి మారదామంటే అది పాత యంత్రాలను గుమ్మం ఎక్కనివ్వదు. ఎటూ తేలక కూర్చున్నవాళ్లకి ఇంట్లో ఎవరో ఒక కుర్రాడు ‘లినక్స్ వేసేద్దాం, రెండూ ఉంటాయి’ అని ఆశ పెడతాడు.

విజయవాడలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసుకుంటూ ఈ శీర్షిక రాసే నేను ఇలా అడిగినవాళ్లను ఒకటే అడుగుతాను: రెండోది ఏ పనికి? ఫలానా పనికి అని చెప్పగలిగితే పెట్టిస్తాను. ‘ఉంటే పోయేదేముంది’ అంటే మాత్రం పెట్టను. ఎందుకంటే పోయేది ఉంది. డిస్కులో చోటు పోతుంది, ఒక్కోసారి ఫొటోలు పోతాయి. అన్నిటికంటే ఎక్కువగా, యంత్రం మొరాయించిన రోజున ఏ సిస్టమ్ వల్ల మొరాయించిందో తెలియక మనశ్శాంతి పోతుంది.

ప్రశ్న: మాది చిన్న డీటీపీ, ప్రింటింగ్ ప్రెస్సు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేస్తాం. 2017లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అందులోనే. బ్యాంకు, జీఎస్టీ, వాట్సాప్ కూడా అందులోనే. ప్రింటరు కానన్ ఎల్‌బీపీ 2900. విండోస్ మొత్తం తీసేసి లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం) వేద్దామని మా అబ్బాయి పట్టుపడుతున్నాడు. నాకేమో భయం. రెండూ పెట్టుకోవచ్చా? – ప్రెస్సు యజమాని, తెనాలి

జవాబు: పెట్టుకోండి. ఈ నెల ఉత్తరాల్లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు నిజంగా కావలసింది మీకే.

మీ అబ్బాయి మాటలో సగం నిజం. మీ ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 రాదు. ఇంటెల్ ప్రాసెసర్లలో ఏడో తరంలో కొన్ని రకాలను మినహాయిస్తే ఎనిమిదో తరం నుంచే దానికి అర్హత. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలి. అడ్డదారిలో ఎక్కించేవాళ్లు ఉన్నారు. ఎక్కుతుంది, నడుస్తుంది. రేపు ఒక అప్‌డేట్ ఆగిపోతే మాత్రం అడగడానికి ఎవరూ ఉండరు. పేరు నమోదు చేసుకున్న ఇళ్లకు విండోస్ 10 భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అది వాయిదా మాత్రమే. వాడుకోండి, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఇక మీవాడు చూడని సగం మీ బతుకుతెరువు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత కొత్తది రానేలేదు. అయినా తెలుగునాట డీటీపీ ఇప్పటికీ దాని మీద నడుస్తోందంటే, కారణం అను ఫాంట్లు. అను పాత ఫాంట్లలో మీరు ‘శ్రీ’ అని కొట్టినప్పుడు ఫైలులో చేరేది తెలుగు అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలు చేరతాయి. వాటికి తెలుగు వేషం వేసేది ఫాంటు. అదే ఫైలును ఆ ఫాంటు లేని చోట తెరిస్తే మీరు పొందికగా కూర్చిన శుభలేఖ డాలర్ గుర్తులు, బ్రాకెట్లు కలిసిన గజిబిజిగా కనిపిస్తుంది. ఫాంటును లినక్స్‌లోకి కాపీ చేసినా, టైపు చేయడానికి అను కీబోర్డు ప్రోగ్రాము కావాలి. అది విండోస్ కోసం రాసినది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ అనే సాధనం ఒకటుంది. ఆదివారం పూట సరదాగా దానితో ప్రయోగం చేయండి. ముహూర్తాల నెలలో, శుభలేఖ రేపటికి కావాలని పెళ్లివారు గుమ్మంలో నిలబడి ఉండగా మాత్రం వద్దు.

ప్రింటరు సంగతి కూడా అంతే. ఎల్‌బీపీ 2900 మొండి యంత్రం, ఏళ్ల తరబడి ట్రేసింగు షీట్లు తీస్తూనే ఉంటుంది. కానీ అది కాప్ట్ అనే కానన్ సొంత పద్ధతిలో కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. లినక్స్‌కి ఆ డ్రైవరు ఉంది కానీ దాన్ని కుదర్చడం ఓపికున్నవాళ్ల పని. కుదిరాక కూడా ఒక్కోసారి పలకదు. మీ ట్రేసింగులు విండోస్ నుంచే తీసుకోండి.

కాబట్టి పనులను ఇలా పంచండి. విండోస్ 10 ప్రెస్సు పనికి. అందులో పేజ్‌మేకర్, అను, ప్రింటరు తప్ప ఇంకేమీ వద్దు. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి వైఫైని డిసేబుల్ చేయండి, నెట్ కేబులు పీకేయండి. అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్‌తో ముప్పు అధికంగా వచ్చేది నెట్‌కి తగిలించినప్పుడే. లినక్స్ బయటి పనికి: బ్యాంకు, మెయిలు, వాట్సాప్ వెబ్, జీఎస్టీ రిటర్నులు. ఇవన్నీ ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో జరిగిపోయే పనులే. ఒక్క సంగతి చూసుకోండి. రిటర్ను వేసేటప్పుడు ఫోనుకి వచ్చే ఓటీపీతో సరిపెట్టుకుంటున్నారా, డిజిటల్ సంతకం టోకెన్ గుచ్చుతున్నారా? ఓటీపీ అయితే చింత లేదు. టోకెన్ అయితే దాని డ్రైవరు లినక్స్‌కి ఉందో లేదో ఆ టోకెన్ అమ్మినవారిని అడిగి, ఆ తర్వాతే మారండి.

వినియోగదారులు మ్యాటరు పంపేది ఎలాగూ వాట్సాప్‌లోనే. అది యూనికోడ్‌లో, అంటే ఏ యంత్రమైనా చదవగలిగే తెలుగులో ఉంటుంది. లినక్స్‌లో దించుకుని, యూనికోడ్ నుంచి అనుకి మార్చే కన్వర్టరులో వేసి, ఉత్త టెక్స్టు ఫైలుగా దాచండి. విండోస్‌లో తెరిచి పేజ్‌మేకర్‌లో పోయండి. పెన్‌డ్రైవు తెచ్చేవాళ్లున్నారే, వాళ్లే మీకు అసలు ప్రమాదం. నెట్ పీకేసినా పెన్‌డ్రైవులోంచి వైరస్ వస్తుంది. ఊళ్లో ప్రతి జిరాక్సు షాపు తిరిగి వచ్చిన పెన్‌డ్రైవును ముందుగా లినక్స్‌లోనే గుచ్చండి. విండోస్ కోసం రాసిన వైరస్‌కి అక్కడ మామూలుగా పని జరగదు. కావలసిన బొమ్మ, కావలసిన మ్యాటరు మాత్రం తీసుకుని పెన్‌డ్రైవు వారిది వారికి ఇచ్చేయండి. మొత్తం ఫోల్డరును అటునుంచి ఇటు లాగితే వైరస్‌ని మీరే స్వయంగా మోసుకొచ్చినవారవుతారు.

ఇప్పుడు పెట్టే పద్ధతి. ఉన్న హార్డ్ డిస్కును కోసి రెండు ముక్కలు చేయకండి. కొత్తగా ఒక 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) కొనండి. 2017 నాటి ల్యాప్‌టాప్ కదా, డీవీడీ డ్రైవు ఉండే ఉంటుంది. దాన్ని వాడి ఎన్నేళ్లయిందో గుర్తుందా? అది తీసేసి, ఆ చోట క్యాడీ అనే చిన్న చట్రంలో పాత హార్డ్ డిస్కును బిగించవచ్చు. క్యాడీలు 9.5 మిల్లీమీటర్ల మందంలో ఒకటి, 12.7 మందంలో ఒకటి దొరుకుతాయి. డ్రైవు కొలిచి కొనండి. హార్డ్ డిస్కు ఖాళీ చేసిన చోట ఎస్ఎస్‌డీ. మింట్‌ను ఎస్ఎస్‌డీ మీద వేసేటప్పుడు పాత డిస్కును బయటే ఉంచండి. బిగించి ఉంచితే కదా ఇన్‌స్టాలరు దాన్ని తుడిచేది! అది ముగిశాక క్యాడీ తోయండి. ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ మీట నొక్కితే ఏ డిస్కు కావాలని అడుగుతుంది. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. కొన్ని ల్యాప్‌టాప్‌లు మాత్రం డీవీడీ చోటు నుంచి బూట్ కావు. మీది ఏ రకమో బిగించిన రోజే చూసుకోండి. కాకపోతే డిస్కులను తారుమారు చేయాలి.

ఈ పద్ధతిలో ఒక లాభం చెబుతాను. రేపు మీకు లినక్స్ నచ్చలేదనుకోండి. ఎస్ఎస్‌డీ తీసేస్తే మీ పాత ల్యాప్‌టాప్ పాత ల్యాప్‌టాప్‌లానే ఉంటుంది. పేజ్‌మేకర్ సీడీ ఎక్కడుందని అటక ఎక్కే పని ఉండదు.

పనికి దిగే ముందు ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ తీయండి. ‘డీ డ్రైవులో పెట్టానండీ, భద్రంగా ఉంటాయి’ అని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అంటారు. సీ, డీ, ఈ అని మూడు పేర్లు కనిపిస్తున్నా లోపల ఉన్న డిస్కు ఒకటే. డిస్కు పోతే మూడూ కలిసే పోతాయి.

ఎస్ఎస్‌డీ కొనకముందే ఒక 8 జీబీ పెన్‌డ్రైవు మీద రూఫస్ అనే ఉచిత సాధనంతో మింట్‌ను ఎక్కించి (పెన్‌డ్రైవులో ఉన్నది మొత్తం చెరిగిపోతుంది, ఖాళీది తీసుకోండి), దాని నుంచి ల్యాప్‌టాప్‌ని లేపి చూడండి. డిస్కును ముట్టకుండానే మొత్తం లినక్స్ నడుస్తుంది. వైఫై దొరుకుతోందా, స్పీకరు పలుకుతోందా, మూత వేసి తెరిస్తే నిద్ర లేస్తోందా, తెర వెలుగు మీటలు పనిచేస్తున్నాయా చూడండి. వేగం మాత్రం చూడకండి, పెన్‌డ్రైవు మీద ఏదైనా నత్తనడకే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. ఈమధ్యే విండోస్ 11 ల్యాప్‌టాప్ కొనిచ్చాం. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. కాలేజీ ల్యాబులో లినక్స్ చెబుతున్నారట. సీనియర్లు ‘డ్యుయల్ బూట్’ (ఒకే డిస్కులో రెండు సిస్టమ్‌లు) చేయమన్నారని వీడు ఈ వారమే చేస్తానంటున్నాడు. అంత డబ్బు పెట్టి కొన్నది చెడిపోతుందేమో, వారంటీ పోతుందేమో అని మా భయం. అసలు ఉచితంగా ఇచ్చేది నమ్మదగినదేనా? – ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, మిగతా భయాల మూలం అదే కాబట్టి. లినక్స్‌ను 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. అప్పుడు అతనూ మీవాడిలాంటి విద్యార్థే. ఇవాళ మీ చేతిలోని ఫోను ఆండ్రాయిడ్ అయితే దాని లోపలి కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) లినక్సే. ప్రపంచంలోని 500 అతిపెద్ద సూపర్‌కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ప్రతి ఒక్కటీ లినక్స్ మీదే నడుస్తోంది. కేరళలో ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లు కూడా దాని మీదే నడుస్తాయి. ఉచితమైనంతమాత్రాన నాసిరకం అనుకోకండి.

ల్యాప్‌టాప్ చెడిపోదు. వేసేది సాఫ్ట్‌వేరు, యంత్రానికి దానివల్ల గాయం కాదు. వారంటీ కూడా మామూలుగా యంత్ర భాగాలకే, రెండో సిస్టమ్ వేసినంతమాత్రాన పోదు. సర్వీసు వాళ్లు మాత్రం విండోస్‌లోనే పరీక్ష చేస్తారు, కనుక విండోస్ అందులో ఉండాలి. మీ వారంటీ కాగితం కూడా ఒకసారి చదువుకోండి.

అయినా నా సలహా ఏమిటంటే, ఈ వారం డ్యుయల్ బూట్ వద్దు. భయం వల్ల కాదు, అవసరం లేక. రెండో సంవత్సరం ల్యాబులో చేయించేవి షెల్ ఆదేశాలు, సీ ప్రోగ్రాములు, ప్రాసెసులు, సెమాఫోర్లు. వీటన్నిటికీ విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు మైక్రోసాఫ్టే ఇచ్చింది. విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ లినక్స్ అంటారు, పిల్లలు డబ్ల్యూఎస్ఎల్ అంటారు. టెర్మినల్‌లో ఒక్క ఆదేశం, ఒక రీస్టార్టు, అంతే, ఉబుంటు అనే లినక్స్ రకం వచ్చి కూర్చుంటుంది. అందులో నడిచేది నిజమైన లినక్స్ కెర్నెల్. అది చాలక, పగలగొట్టి నేర్చుకోవాలన్న కోరిక ఉంటే వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాము) వేసుకుని అందులో లినక్స్‌కి 4 జీబీ ర్యామ్ ఇవ్వమనండి. 16 ఉన్నాయి కదా, ఇరుకు కాదు. పాడుచేయడానికి ముందు స్నాప్‌షాట్ తీసుకుంటే, పాడుచేశాక ఒక నొక్కుతో పాత స్థితికి వచ్చేస్తుంది. నిజం డిస్కు మీద పాడుచేస్తే అలా వెనక్కి రాదు.

ఈ పిల్లలకు సీనియర్లు చెప్పని సంగతి ఇంకొకటుంది. ఉద్యోగాల ఆన్‌లైన్ పరీక్షలు. కెమెరాతో కాపలా కాసే పరీక్షా సాఫ్ట్‌వేర్లు చాలావరకు విండోస్, మ్యాక్‌లకే ఉంటాయి. ఉదాహరణకు సేఫ్ ఎగ్జామ్ బ్రౌజరుకి లినక్స్ రూపమే లేదు. మూడో సంవత్సరం చివర కంపెనీలు వచ్చే వేళకి విండోస్ చక్కగా లేచే స్థితిలో ఉండాలి. పొద్దున తొమ్మిదికి పరీక్ష పెట్టుకుని, ఎనిమిదిన్నరకి నల్లతెరతో నాకు ఫోను చేసే పిల్లలను చూస్తే జాలేస్తుంది.

ఇంత చెప్పినా వాడు ఒకటి రెండు నెలలు డబ్ల్యూఎస్ఎల్ వాడి, ‘ఇది చాలదు, నాకు అసలుది కావాలి’ అంటే ఆపకండి. అప్పటికి వాడికి కారణం తెలిసి ఉంటుంది. అప్పుడు మాత్రం మీరు దగ్గర కూర్చుని ఈ పనులు చేయించండి.

మొదటిది బిట్‌లాకర్ తాళం. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవగానే, మనకు చెప్పకుండానే డిస్కు తాళం పడిపోతుంది. లినక్స్ కోసం సెక్యూర్ బూట్ అనే భద్రతా అమరికనో, ఇంకోదాన్నో కదిపితే మరుసటిసారి నీలితెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే లోపల ఉన్నది ఎవరూ తీయలేరు, నేనూ తీయలేను. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాగి ఉంటుంది. ఎవరి ఖాతా? ఇక్కడే తిరకాసు. కొన్న రోజున షాపులో కూర్చున్న అబ్బాయి ‘నేను సెట్ చేసి ఇస్తాను సార్’ అని ఏదో ఒక మెయిలుతో తెరిచి ఇస్తాడు. అది ఎవరి మెయిలో తేల్చుకోండి. మీవాడిది కాకపోతే ముందు మార్చండి. తర్వాత ఆ 48 అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్‌లోనే ఫొటో తీసి దాచుకునే తెలివైనవాళ్లు కూడా ఉన్నారు, అందుకని చెబుతున్నాను.

రెండోది చోటు. 512 జీబీ అని అమ్మినా విండోస్ దాన్ని సుమారు 476గా చూపిస్తుంది, లెక్క పెట్టే పద్ధతుల్లో తేడా అంతే. అందులో 80 నుంచి 100 జీబీ లినక్స్‌కి చాలు. ఆ చోటును విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించి ఖాళీగా వదిలేయాలి.

మూడోది అసలు గండం. ఉబుంటు ఇన్‌స్టాలరులో ఒక తెర వస్తుంది. విండోస్ బూట్ మేనేజర్ పక్కన ఉబుంటు వేయమంటారా అన్నది ఒక వరుస. డిస్కు మొత్తం చెరిపి వేయమంటారా అన్నది మరో వరుస. మొదటి వరుస కనిపించకపోతే అక్కడితో ఆపేయమనండి. డిస్కు తాళం వల్లో, ఇంటెల్ స్టోరేజీ అమరిక వల్లో ఇన్‌స్టాలరుకి విండోస్ కనబడలేదన్నమాట. అది లేదు కాబట్టి రెండోది నొక్కుదాం అనుకున్న పిల్లల ల్యాప్‌టాప్‌లే నా బల్ల మీదికి ఎక్కువగా వస్తాయి.

అన్నీ సవ్యంగా చేసినా ఒక్కోసారి తేడా వస్తుంది. 2024 ఆగస్టులో విండోస్ భద్రతా అప్‌డేట్ ఒకటి పాత బూట్‌లోడర్లను (ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రాములను) నిషేధించే జాబితాను మార్చింది. తెల్లారేసరికి చాలామంది ల్యాప్‌టాప్‌లలో విండోస్ లేచింది, లినక్స్ లేవలేదు. ‘ఏదో ఘోరం జరిగింది’ అని ఇంగ్లీషులో ఒక వాక్యం చూపించి ఆగిపోయింది. ఉమ్మడి బోరు ఉన్న రైతులిద్దరిలో ఒకరు స్టార్టరు మార్చి రెండోవారికి చెప్పకపోతే ఎలా ఉంటుందో అలా. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లో చిన్న సవరణ చేస్తే సరిపోయింది. కానీ మరునాడు రికార్డు ఇవ్వాల్సిన విద్యార్థికి అలా వెతుక్కోవడానికి తీరిక ఉండదు.

ప్రశ్న: ఉబుంటు, విండోస్ రెండూ పెట్టాను. ఉబుంటు వాడి విండోస్‌కి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనకబడుతోంది. పైగా ఉబుంటులోంచి డీ డ్రైవులో ఫైలు రాయనివ్వడం లేదు. బ్యాటరీ పోయిందని ఒకరు, డిస్కు పోయిందని ఒకరు అంటున్నారు. – విద్యార్థి, కాకినాడ

జవాబు: ఏదీ పోలేదు, ఎవరికీ డబ్బివ్వకండి. ఐదున్నర గంటలన్న అంకే విషయం చెబుతోంది. మదర్‌బోర్డు మీద ఒక గడియారం ఉంటుంది. అది చూపేది భారత కాలమానమే అని విండోస్ నమ్ముతుంది. అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని లినక్స్ నమ్ముతుంది, ఆ ప్రకారమే దిద్దుతుంది. మన సమయం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు కనుక, పొద్దున 10 గంటలకు విండోస్ తెరిస్తే 4:30 చూపిస్తుంది. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశంతో మదర్‌బోర్డు గడియారాన్ని స్థానిక సమయంగా చూడమని చెబితే తగువు తీరుతుంది. ఆదేశం మీ ల్యాబులో ఎవరినడిగినా చెబుతారు. మదర్‌బోర్డు మీది బ్యాటరీ సెల్లు పోతే తేడా ఇలా కచ్చితంగా ఐదున్నర దగ్గర నిలబడదు, తేదీ కూడా ఎక్కడికో పోతుంది.

డీ డ్రైవు కథ వేరు. విండోస్ షట్‌డౌన్ చేశారనుకుంటున్నారు, అది పూర్తిగా ఆగలేదు. ఫాస్ట్ స్టార్టప్ అనే సౌకర్యం వల్ల సగం నిద్రలో ఉండి డిస్కును పట్టుకునే ఉంది. నిద్రలో ఉన్నవారి డిస్కు మీద రాస్తే ఫైళ్లు చెడతాయి కాబట్టి ఉబుంటు చదవనిస్తుంది కానీ రాయనివ్వదు. మంచి పనే చేసింది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్లకు వెళ్లి, పవర్ బటన్ల అమరికలో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి.

ప్రశ్న: లినక్స్ వాడటం లేదని విండోస్‌లోంచి దాని పార్టిషన్ డిలీట్ చేశాను. ఇప్పుడు ఆన్ చేస్తే నల్లతెర మీద గ్రబ్ అని వచ్చి ఆగిపోతోంది. విండోస్ కూడా పోయిందా? – ప్రైవేటు ఉద్యోగి, కర్నూలు

జవాబు: లేదు. మీరు ఇల్లు తీసేశారు, బోర్డు తీయలేదు. ఏ సిస్టమ్ కావాలని మొదట అడిగేది గ్రబ్. దాని మిగతా సామాను మీరు చెరిపిన భాగంలో ఉంది. అది దొరక్క దిక్కులు చూస్తోంది. ల్యాప్‌టాప్‌ని ఆపి, బయోస్‌లోకి (ఆన్ చేసేటప్పుడు తెరుచుకునే యంత్రం అమరికల తెరలోకి) వెళ్లి, బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటికి జరపండి. విండోస్ లేస్తుంది. బాగా పాత యంత్రమై, ఆ పేరు బయోస్‌లో కనిపించకపోతే మాత్రం విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవుతో బూట్ రికార్డును బాగుచేయాలి. దగ్గర్లో ఎవరి చేతైనా చేయించండి. ‘ఫార్మాట్ చేసేద్దాం’ అన్నవారికి మాత్రం ఇవ్వకండి.

ప్రశ్న: తెలుగు పండితుడిగా పనిచేసి విరమణ పొందాను. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో వ్యాసాలు రాసి పత్రికలకు పంపుతుంటాను. అప్పుడప్పుడు యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటాను. విండోస్ 10 తెరుచుకునేలోపు కాఫీ చల్లారిపోతోంది. రెండు సిస్టమ్‌లు పెడితే వేగం పెరుగుతుందని మనవడు అంటున్నాడు. – విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: మాస్టారూ, రెండు పెడితే వేగం పెరగదు. ఒక సమయంలో నడిచేది ఒకటే. విండోస్‌లో ఉన్నప్పుడు అది మునుపటిలానే మెల్లగా ఉంటుంది. చిన్న డిస్కయితే చోటు కూడా ఇరుకవుతుంది.

మీకు రెండు వద్దు, ఒకటే చాలు. అది లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. తేలికది, 4 జీబీలో ఇబ్బంది పడదు. పాత డిస్కు తీసి చిన్న ఎస్ఎస్‌డీ వేయిస్తే మీ కాఫీ వేడిగానే తాగవచ్చు. వేగంలో ఎక్కువ వాటా ఆ ఎస్ఎస్‌డీదేనని కూడా చెప్పాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే దానికే పెట్టండి.

మీ పనిలో అసలు చూడవలసింది రాత. మీరు ఇంతకాలం ఏ పద్ధతిలో టైపు చేస్తున్నారో రాయలేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అయితే లినక్స్‌లో అది ముందే ఉంది, కీబోర్డు అమరికల్లో తెలుగు చేర్చుకోవడమే. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటైతే ఐబస్ అనే సాధనంలో ఆర్‌టీఎస్ పద్ధతి దొరుకుతుంది. అక్షరాల అందం మీద పట్టింపు ఉన్నవారైతే పోతన, వేమన ఫాంట్లున్నాయి. గురజాడ, గిడుగు, సూరన్న, మండలి పేర్లతో కూడా యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. వ్యాసం యూనికోడ్‌లో పంపితే పత్రిక వాళ్లు ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటారు. పాతవి అనులో రాసి ఉంటే పారేయకండి, కన్వర్టరుతో మారుతాయి. ఒత్తుల దగ్గర, ‘క్ష’ల దగ్గర తప్పులు పడుతుంటాయి, మార్చాక ఒకసారి దిద్దుకోవాలి. ప్రూఫు చూడటం మీకు నేను నేర్పాలా!

మింట్‌తో పాటే వచ్చే రాత ప్రోగ్రాము లిబ్రేఆఫీసులో రాసినప్పుడు ఫైలును అలాగే పంపకుండా, దానితో పాటు పీడీఎఫ్ కూడా జతచేయండి. మీరు పెట్టిన పాదాల విరుపు అవతల ఎలా కనిపించాలో సంపాదకులకు తెలుస్తుంది. మనవడిని మాత్రం నిరుత్సాహపరచకండి. ఎస్ఎస్‌డీ మార్చే పని వాడికే అప్పగించండి, వెనక మూతకి ఉండే మరలను మాత్రం తీసిన వరుసలోనే కాగితం మీద అంటించి పెట్టుకోమనండి. పొడవు మర పొట్టి మర చోట బిగిస్తే కీబోర్డు మీదికి పొడుచుకొస్తుంది.